మందు అదే, పంపు వేరు: జనరిక్ ఇన్హేలర్‌కు మారిన ఒక ఉబ్బసం కేసు

ఇన్హేలర్ మార్చినప్పటి నుంచి మందు పనిచేయడం లేదని వచ్చే పేషెంట్లకు మా వృత్తిలో రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. జనరిక్ కదా, అంతే అనేది ఒకటి. అంతా మీ మనసులోనే ఉంది అనేది ఇంకొకటి. ఈ కేసులో ఆ రెండు జవాబులూ ఎవరో ఒకరు ఇచ్చారు, ఆమె ఆయాసం మాత్రం తగ్గలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను. పేషెంట్ ఒప్పుకున్నాకే రాశాను. వయసు, ఉద్యోగం, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. వైద్యానికి సంబంధించినవి మార్చలేదు.

నేపథ్యం

అరవైకి దగ్గర పడుతున్న మహిళ. సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇక్కడ ఆమెను టీచర్ గారు అంటాను. చిన్నప్పటి నుంచి తుమ్ములు, చలికాలం వస్తే పిల్లికూతలు. సుద్దపొడి పడడం లేదనుకుని సర్వీసంతా నెట్టుకొచ్చారు. మనవరాలు పుట్టినప్పుడు కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లి, అక్కడి చలికి ఒక రాత్రి ఊపిరి అందక ఎమర్జెన్సీలో చేరాల్సి వచ్చింది. దానికి ఉబ్బసం అని పేరు పెట్టి చెప్పింది అప్పుడే.

అక్కడ రాసిన మందు బ్యుడెసోనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన స్ప్రే ఇన్హేలర్. బ్రాండు సింబికార్ట్, పెట్టె మీద 160/4.5, అంటే ఒక్కో పఫ్‌లో ఆ రెండు మందులు ఎన్నెన్ని మైక్రోగ్రాములో. పొద్దున రెండు పఫ్‌లు, రాత్రి రెండు. బ్యుడెసోనైడ్ ఊపిరి గొట్టాల్లో వాపును తగ్గించే స్టెరాయిడ్. ఫార్మోటెరాల్ బిగుసుకుపోయిన గొట్టాలను వదులు చేస్తుంది. కొన్ని నిమిషాల్లో పని మొదలుపెట్టి దాదాపు 12 గంటలు నిలుస్తుంది.

అక్కడి నర్సు ఓపిగ్గా నేర్పిందట. డబ్బాను బాగా ఊపాలి, ఊపిరంతా వదలాలి, నొక్కుతూ నెమ్మదిగా లోతుగా పీల్చాలి, పది లెక్కపెట్టేదాకా బిగపట్టాలి. టీచర్ గారు ఇవన్నీ తు.చ. తప్పకుండా చేసేవారు. రోజూ మందు పడుతుంటే ఉబ్బసం ఉన్న సంగతే మరిచిపోయానని అన్నారు. హైదరాబాద్ తిరిగొచ్చాక కూడా ఆ మందే వాడారు. వచ్చేపోయేవాళ్ల సూట్‌కేసుల్లో కొడుకు పంపేవాడు. ఆ తర్వాత, మనిషిని చూడకుండా చీటీ పొడిగించలేనని అక్కడి డాక్టరు అనడంతో అది ఆగిపోయింది.

ఏం జరిగింది

భర్త ఖాళీ డబ్బా పట్టుకుని ఇంటి దగ్గరి మందుల షాపుకు వెళ్లారు. "ఇదే మందు సార్, కంపెనీయే వేరు" అని షాపతను ఒక క్యాప్సుల్స్ సీసా, వాటిని పీల్చే చిన్న ప్లాస్టిక్ పరికరం ఇచ్చాడు. మందు నిజంగానే అదే: బ్యుడెసోనైడ్, ఫార్మోటెరాల్. కాకపోతే అది స్ప్రే, ఇది పొడి. చీటీలో ఉన్నదానికి బదులు ఇంకొకటి ఇవ్వకూడదని మన ఔషధ నిబంధనల్లోనే ఉంది. షాపుల్లో అది ఎంత నడుస్తుందో అందరికీ తెలుసు. అయినా ఇక్కడ చీటీయే లేదు. ఖాళీ డబ్బా ఒక్కటే ఉంది.

కొన్ని వారాలకే తెల్లవారుజామున దగ్గు మొదలైంది. తర్వాత రాత్రిళ్లు దమ్ము. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో యాంటీబయాటిక్, దగ్గు సిరప్, కొద్దిరోజులు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. తగ్గింది. మాత్రలు అయిపోయాక మళ్లీ వచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారి వెళ్తే, అమెరికా మందు మీద మనసు పడిపోయింది, అందుకే ఇది పనిచేయడం లేదనిపిస్తోందని చెప్పి పంపేశారట.

మా దగ్గరికి వచ్చేసరికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చేసి ఉన్నారు. "అది కొడితె గొంతుల తెలుస్తుండె సార్. ఇది ఉత్త పిండి. ఇక్కడి మందుల బలం లేదు."

చూసినవి, తోసిపుచ్చినవి

ఉబ్బసం అదుపులో ఉందో లేదో చూసే ఏసీటీ ప్రశ్నావళిలో 25కి 11 వచ్చింది. 20 గానీ అంతకు మించి గానీ వస్తే బాగున్నట్టు. వీపు మీద స్టెతస్కోప్ పెడితే రెండు వైపులా పిల్లికూతలు. పీక్ ఫ్లో, అంటే ఒక్క ఊపున ఎంత వేగంగా గాలి వదలగలరో చూసే కొలత, నిమిషానికి 210 లీటర్లు. ఆమె వయసుకు, ఎత్తుకు అది బాగా తక్కువ. గొట్టంలోకి ఊదించి ఊపిరిని కొలిచే స్పైరోమెట్రీలో గొట్టాలు ఇరుకైనట్టు తేలింది. గొట్టాలను త్వరగా వదులు చేసే సాల్బుటమాల్ ఇచ్చి మళ్లీ ఊదిస్తే చాలావరకు విప్పారాయి. కాబట్టి ఇది ఉబ్బసమే, అదుపు తప్పింది.

అదుపు ఎందుకు తప్పిందన్నదానికి నా ముందు నాలుగు దారులున్నాయి. మందే నాసిరకం కావచ్చు. మందు మంచిదే కానీ ఊపిరితిత్తుల దాకా చేరడం లేదేమో. రాసినంత వాడడం లేదేమో. లేదా ఇన్హేలర్‌తో సంబంధం లేకుండా రోగాన్ని రెచ్చగొట్టేదేదో కొత్తగా వచ్చి చేరిందేమో.

నాలుగోదాన్ని ముందు తీసుకున్నాను, ఎందుకంటే అది దొరికితే మిగతా వాదనంతా అనవసరం. బీపీ మాత్రల్లో ఊపిరి గొట్టాలను బిగించగల బీటా బ్లాకర్ ఉందా? లేదు. గ్లాకోమాకు వేసే టైమోలాల్ కంటి చుక్కలు? లేవు. ఇది అడగడం చాలామంది మరిచిపోతారు. కంట్లో వేసే రెండు చుక్కలు ఛాతీని బిగించగలవని పేషెంటుకు తట్టదు, కంటి డాక్టరుకు ఉబ్బసం సంగతి ఎవరూ చెప్పరు. నొప్పి మాత్రలు వాడరు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పావురాలున్నాయి. ఈ నగరంలో ఏ ఫ్లాటుకు లేవు కనుక. వాటి రెట్టల దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేయవచ్చు, అందుకని ఎక్స్‌రే తీయించాను, శుభ్రంగా ఉంది. శుక్రవారం సాంబ్రాణి ధూపం వేస్తారు. అది అమెరికా వెళ్లకముందు నుంచీ ఉన్న అలవాటే, సింబికార్ట్ వాడినన్నాళ్లూ ఇబ్బంది పెట్టలేదు. మానేయమన్నాను కానీ కారణం అది కాదని అనుకున్నాను.

ఇక ఆమె చరిత్రలోనే ఒక ఆధారం ఉంది. స్టెరాయిడ్ మాత్ర మింగిన ప్రతిసారీ తగ్గింది. స్టెరాయిడ్ పొడి పీలిస్తే తగ్గలేదు. అంటే ఆమె ఉబ్బసం స్టెరాయిడ్‌కు లొంగే రకమే. రక్తం ద్వారా వెళ్లిన మందు పనిచేస్తోంది, గొంతు ద్వారా వెళ్లాల్సినది పనిచేయడం లేదు. దీంతో నా అనుమానం రెండో దారి మీదికి మళ్లింది.

పంపు తెప్పించి చూస్తే

ఎలా వాడుతున్నారని నోటితో అడిగితే ప్రతి పేషెంటూ సరిగ్గానే చెబుతారు. అందుకే మా దగ్గర ఇన్హేలర్ చేతిలో లేకుండా వచ్చినవాళ్లను ఇంటికి వెళ్లి తెచ్చుకోమంటాం. టీచర్ గారు సంచిలోంచి తన పరికరం తీశారు. క్యాప్సుల్స్ మాత్రం సీసాలో లేవు. వారానికి సరిపడా తీసి, వంటింట్లో పొయ్యికి పక్కన అరలో ఒక స్టీలు డబ్బీలో పోసుకున్నారు. అది వానాకాలం. ఈ పొడి తేమ తగిలితే ఉండలు కడుతుంది. ఉండ కట్టిన పొడి గొంతులోనే ఆగిపోతుంది.

క్యాప్సుల్ పెట్టారు, తిప్పారు, పరికరాన్ని నోట్లో పెట్టుకుని అందులోకే ఊపిరి వదిలారు. తర్వాత చాలా నెమ్మదిగా, లోతుగా పీల్చి పది దాకా బిగపట్టారు. అమెరికా నర్సు చూస్తే మెచ్చుకునేది. పరికరం తెరిస్తే క్యాప్సుల్‌లో సగానికి పైగా పొడి అలాగే ఉంది.

స్ప్రే ఇన్హేలర్‌లో మందును బయటికి తోసేది డబ్బాలోని గ్యాసు. మనం చేయాల్సిందల్లా ఆ తుంపరను నెమ్మదిగా లోపలికి తీసుకోవడం. తొందరపడితే అది గొంతు వెనక గోడకు కొట్టుకుంటుంది. పొడి ఇన్హేలర్‌లో తోసే గ్యాసు లేదు. పొడిని లేపి, విడగొట్టి, లోపలికి పంపాల్సింది పీల్చేవాళ్ల బలమే. మొదటి క్షణం నుంచే గట్టిగా, వేగంగా లాగాలి. ఒకదానికి మంచి పద్ధతి అయినది ఇంకొకదానికి చెడ్డ పద్ధతి. ఆమె శ్రద్ధగా నేర్చుకున్న అలవాటే కొత్త పరికరంలో మందును కదలనివ్వలేదు. ఖాళీ డబ్బా చూపించి మందు కొన్న మనిషికి ఈ తేడా చెప్పేవాళ్లెవరూ లేరు.

ఇక్కడొక మాట. మాత్రల విషయంలో జనరిక్ సరిసమానమా కాదా అన్నది రక్తంలో మందు ఎంత చేరిందో కొలిచి తేల్చవచ్చు. ఇన్హేలర్ మందు పనిచేసేది రక్తంలో కాదు, గొట్టాల గోడల్లో. అందుకే నుసి ఎంత సన్నగా ఉంది, ప్రతి పఫ్‌లో ఒకేలా వస్తోందా, పరికరాన్ని పేషెంట్ పాతదానిలాగే వాడగలడా అన్నవన్నీ చూడాలి. అమెరికాలో అడ్వైర్ డిస్కస్ అనే పొడి ఇన్హేలర్‌కు 2000లో అనుమతి వస్తే దానికి మొదటి జనరిక్ 2019 జనవరిలో గానీ అనుమతి పొందలేదు. సింబికార్ట్‌కు 2022 మార్చిలో వచ్చింది. పేటెంట్లు ఒక కారణం, పరికరాన్ని సరిపోల్చడంలోని కష్టం ఇంకో కారణం. మన దగ్గర 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ డాక్టర్లంతా జనరిక్ పేర్లే రాయాలని నిబంధన తెచ్చి అదే నెలలో పక్కన పెట్టింది. ఆ చర్చ నడిచినంతసేపూ మా ఛాతీ డాక్టర్ల గొడవ ఒక్కటే: బ్యుడెసోనైడ్ ప్లస్ ఫార్మోటెరాల్ అని రాస్తే స్ప్రే ఇస్తారా, పొడి ఇస్తారా?

మొదటి ప్రయత్నం: పొడినే సరిగ్గా పీల్పించడం

పరికరం మార్చకుండా పద్ధతి మార్చడానికే మొదట మొగ్గాను. క్యాప్సుల్ రకం మన దగ్గర చవక, ప్రతి షాపులో దొరుకుతుంది, పీల్చాక తెరిచి చూస్తే మందు వెళ్లిందో లేదో కంటికి కనిపిస్తుంది. ఆ చివరి సుగుణం తక్కువదేమీ కాదు. మా సిస్టర్ ఆమెను కూర్చోబెట్టి, కొబ్బరిబొండం అడుగున మిగిలిన నీళ్లను స్ట్రాతో లాగినట్టు లాగండమ్మా అని నేర్పింది. ఊపిరి పక్కకు తిరిగి వదలమంది. ఒక్కో క్యాప్సుల్‌ను రెండుసార్లు పీల్చమంది. స్టీలు డబ్బీ మాన్పించింది.

క్లినిక్‌లో చక్కగా వచ్చింది. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు పీక్ ఫ్లో 240 దగ్గరే ఉంది. మళ్లీ చేయించి చూశాం. మొదటి పీల్పు గట్టిగా, రెండోది పాత అలవాటుకు వెళ్లిపోయింది. పైగా గట్టిగా లాగగానే పొడి గొంతుకు తగిలి దగ్గు వస్తోందని, రాత్రి దమ్ముగా ఉన్నప్పుడు అంత బలంగా లాగలేకపోతున్నానని అన్నారు. రెండోది నన్ను ఆలోచింపజేసింది. మందు బాగా అవసరమైన వేళ పీల్చే బలం తక్కువ. ఎన్నో ఏళ్ల అలవాటును చెరిపి కొత్తది రాయడానికి నెలలు పట్టవచ్చు. ఆ నెలల్లో ఒక పెద్ద అటాక్ వస్తే?

కాబట్టి మనిషిని పంపుకు సరిపడేలా మార్చడం ఆపి, మనిషికి సరిపడే పంపు ఇవ్వాలనుకున్నాను. ఆమె చేతికి వచ్చింది స్ప్రే. అదే రెండు మందులున్న స్ప్రే ఇన్హేలర్ హైదరాబాద్‌లో చాలా కంపెనీలు అమ్ముతాయి. నిజానికి మన దేశంలో దొరికే ఇన్హేలర్లలో చాలావరకు బ్రాండు పేరు తగిలించుకున్న జనరిక్‌లే. వాటిలో 200/6 ది రాశాను, పొద్దున రెండు, రాత్రి రెండు. పంపుకూ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం, స్పేసర్, జత చేశాను. స్పేసర్‌తో గొంతులో అతుక్కునేది తగ్గి, ఊపిరితిత్తులకు చేరేది పెరుగుతుంది. నోటిపూత భయమూ తగ్గుతుంది. మందు తీసుకున్నాక నోరు పుక్కిలించి ఉమ్మాలన్నది ఆమెకు ముందే అలవాటు.

సగం దూరం వెళ్లి ఆగిపోయిన మెరుగుదల

ఈసారి మెరుగైంది. పిల్లికూతలు పలచబడ్డాయి. పీక్ ఫ్లో 275 దాకా వచ్చి అక్కడ నిలబడిపోయింది. ఏసీటీ 15. వారంలో రెండు మూడు రాత్రులు ఇంకా నిద్ర లేస్తున్నారు. "నేను మొదటి నుంచి చెప్తున్న కద సార్, బలం లేదని."

ఇది చిక్కు దశ. పద్ధతి మచ్చలేనిది. స్పేసర్ సరైనది. పరికరం అమెరికాలో వాడిన రకమే. మిగిలింది మందు నాణ్యతేనని అనిపించడం సహజం. ఇలాంటప్పుడు వేరే కంపెనీది రాసేయడమో, మోతాదు పెంచడమో, మాంటెలుకాస్ట్ లాంటి మాత్ర జోడించడమో మామూలుగా జరుగుతుంది. మూడింటిలో ఏది చేసినా పేషెంటుకు కొంత గుణం కనిపించేదేమో, కారణం మాత్రం దాగిపోయేది. వాడకం లెక్క తేలకుండా మోతాదు పెంచకూడదన్నది ఉబ్బసం వైద్యంలో ప్రాథమిక సూత్రం. అంతర్జాతీయ జినా మార్గదర్శకాలూ అదే చెబుతాయి. రోజూ వాడుతున్నారా అంటే వాడుతున్నాననే చెప్పారు, అది నిజం కూడా. అందుకని ప్రశ్న మార్చి, ఈ డబ్బా ఎప్పుడు కొన్నారని అడిగాను.

డబ్బాలో 120 పఫ్‌లు. రోజుకు నాలుగైతే సరిగ్గా 30 రోజులు. ఆమె చేతిలోని డబ్బా రెండో నెల మధ్యలో ఉంది. ఇంకా మందు ఉందని ఆమెకు ఎలా తెలుసు? ఈ పంపుకు అమెరికా దానిలా మిగిలిన పఫ్‌లు చూపే లెక్క గడి లేదు. పక్క ఫ్లాటావిడ చెప్పిందని డబ్బాను నీళ్ల గ్లాసులో వేసి, తేలుతోందా మునుగుతోందా అని చూస్తున్నారు. ఆ పరీక్షను నమ్మకూడదు. మందు పఫ్‌లు అయిపోయాక కూడా డబ్బాలో గ్యాసు మిగిలి ఉంటుంది, నొక్కితే తుస్సుమంటుంది కూడా. నీళ్లు తగిలితే వాల్వు పాడయ్యే ప్రమాదం అదనం.

అసలు సంగతి భర్త చెప్పారు. ఆయన అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. పాత డబ్బా మీద 160, కొత్తదాని మీద 200. పాత లెక్కన రోజుకు నాలుగు నూట అరవైలు, 640. కొత్తది నాలుగుసార్లు కొడితే 800 అవుతుంది. స్టెరాయిడ్ కదా, ఎక్కువైతే ఎముకలు, షుగరు. 640ని 200తో భాగిస్తే మూడు చిల్లర. మూడును పొద్దుటికీ రాత్రికీ ఎలా పంచాలి? కొన్నాళ్లు పొద్దున ఒకటి, రాత్రి రెండు. కాస్త తేలిక పడ్డాక, బలమైన మందు ఎందుకులే అని ఒకటి, ఒకటి. చీటీలో రెండు అని ఉంది కదా అంటే, డాక్టర్లకు అమెరికా డబ్బా సంగతి తెలియక రాసుంటారని అనుకున్నామన్నారు.

ఆయన లెక్కలో తప్పు లేదు, అంకెల వెనక ఉన్న పద్ధతి వేరు. మందు మోతాదును రెండు చోట్ల కొలవవచ్చు. డబ్బా వాల్వు దగ్గర బయటపడేది ఒక కొలత, ప్లాస్టిక్ మూతి దాటి నోటికి చేరేది ఇంకో కొలత. మధ్యలో కొంత ప్లాస్టిక్‌కు అతుక్కుపోతుంది. అమెరికాలో పెట్టె మీద రెండోది వేస్తారు: 160/4.5. సింబికార్ట్ పొడి రకాన్నే బ్రిటన్‌లో మొదటి కొలతతో 200/6గా అమ్ముతారు. జినా పట్టికల్లో 200/6, 160/4.5 ఒకే మోతాదుకు రెండు రాతలు. ఆ లెక్కన టీచర్ గారు వాడుతున్నది అమెరికా మోతాదులో సగం. పెట్టె మీద మాత్రం ఎక్కువ బలమున్నట్టు కనిపిస్తోంది. మందులో బలం లేదని ఆమె అంటుంటే, బలం ఎక్కువైందని ఇంట్లో తగ్గిస్తున్నారు. ఆ రెండు మాటలూ ఒకే ఇంట్లోంచి వచ్చాయి.

ఫలించినది

వివరణకు ఎక్కువసేపు పట్టలేదు. కాగితం మీద వాల్వు, మూతి బొమ్మ గీసి, 200 ఎక్కడ, 160 ఎక్కడ అని చూపిస్తే అకౌంట్స్ ఆయనకు వెంటనే అర్థమైంది. "గ్రాస్, నెట్" అన్నారు. చీటీలో మైక్రోగ్రాముల ప్రసక్తి లేకుండా, రోజుకు నాలుగు పఫ్‌లు, డబ్బా 30 రోజులు అని తెలుగులో రాసి ఇచ్చాను. డబ్బా మొదలుపెట్టిన తేదీ, మార్చాల్సిన తేదీ పెన్నుతో దాని మీదే రాయమన్నాను. పీక్ ఫ్లో మీటరు ఒకటి కొనిపించాను. పొద్దున, రాత్రి ఊది పుస్తకంలో రాసుకోవాలి. టీచర్లకు రిజిస్టరు రాయడం కొత్త కాదు.

నాలుగు పఫ్‌లకు వచ్చాక అంకెలు వారం వారం పెరిగి 340 దగ్గర స్థిరపడ్డాయి. రాత్రి మెలకువలు ఆగాయి. ఏసీటీ 22. మొదట్లో పొద్దుటి అంకెకూ రాత్రి అంకెకూ మధ్య కనిపించిన పెద్ద తేడా కూడా తగ్గింది. నన్నడిగితే అదుపు రావడానికి ఇదే మంచి గుర్తు.

అయినా ఆమె ఫిర్యాదు పోలేదు. గొంతులో తెలియడం లేదు అన్నారు. దీన్ని మనసులోని అనుమానం అని కొట్టేయలేను, నిజంగానే తేడా ఉంటుంది. తుంపర వేగం, చల్లదనం, రుచి, డబ్బాలోని గ్యాసును, కలిపిన ఇతర పదార్థాలను, మూతి రంధ్రాన్ని బట్టి మారతాయి. ఓజోన్ పొర కోసం సీఎఫ్‌సీ గ్యాసును మానేసి, 2008 చివరికల్లా అమెరికాలో సాల్బుటమాల్ ఇన్హేలర్లన్నీ హెచ్‌ఎఫ్‌ఏ అనే వేరే గ్యాసుకు మారినప్పుడూ పేషెంట్ల ఫిర్యాదు ఇదే: పఫ్ మెత్తగా ఉంది, మందు రావడం లేదు. గొంతుకు గట్టిగా తగలడం అంటే మందు గొంతులో పడుతోందని కూడా అర్థం. పైగా ఇప్పుడు స్పేసర్ వాడుతున్నారు, గొంతులో తెలియకపోవడమే దాని పని. ఇండియా మందు అన్న చిన్నచూపుకు ఒక సంగతి చెప్పాను. 2020 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, అక్కడి ప్రొవెంటిల్ హెచ్‌ఎఫ్‌ఏ అనే సాల్బుటమాల్ ఇన్హేలర్‌కు జనరిక్‌గా మన సిప్లా ఇన్హేలర్‌ను అనుమతించింది. వాళ్లబ్బాయి అక్కడి షాపులో కొంటే మన కంపెనీదే చేతికి రావచ్చు.

మాటలకన్నా రిజిస్టరు ఎక్కువ పనిచేసింది. ఆమె బీరువాలో ఒక సింబికార్ట్ డబ్బా ఆపదకు అని దాచుకుని ఉన్నారు. తారీఖు దాటలేదు. అది కొన్ని వారాలు, ఇక్కడిది కొన్ని వారాలు, రెండూ అదే స్పేసర్‌తో, అన్నే పఫ్‌లు వాడి రోజూ ఊది రాయమన్నాను. పేజీలు పక్కపక్కన పెడితే తేడా పట్టుకోలేకపోయారు. దీనికి పరిమితులున్నాయి. ఏ డబ్బా ఏదో ఆమెకు తెలుసు, ఈలోగా రుతువు మారింది, మనిషి ఒక్కరే. దీన్ని పట్టుకుని జనరిక్‌లన్నీ సమానమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఈ డబ్బా ఈ మనిషికి పనిచేస్తోందని మాత్రమే ఇది చెబుతుంది. నాకు కావాల్సిందీ అంతే.

మధ్యలో మృగశిర కార్తె వచ్చింది. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదానికి వెళ్లవచ్చా అని బంధువుల ఒత్తిడి మీద అడిగారు. కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగించే ఆ ప్రసాదం ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదని చెప్పాను. ఆ క్యూలో, ఆ దుమ్ములో గంటల తరబడి నిలబడడం మీ ఊపిరికి మంచిది కాదు, అయినా వెళ్లాలనుకుంటే పొద్దున రెండు పఫ్‌లు కొట్టుకుని, సాల్బుటమాల్ సంచిలో పెట్టుకుని వెళ్లండి, ఇన్హేలర్ ఒక్కరోజు కూడా ఆపొద్దు అన్నాను. వద్దని గట్టిగా అంటే చెప్పకుండా వెళ్తారు, వెళ్లినవాళ్లు ఇన్హేలర్ ఆపేసి వస్తారు. నా భయం దాని గురించే. ఆమె వెళ్లలేదు.

ఈ కేసు తర్వాత మా దగ్గర మారినవి

చీటీలో మందు పేరు పక్కన స్ప్రే అనో పొడి అనో తెలుగులో రాస్తున్నాం. కంపెనీ మారితే పరవాలేదు, రకం మారితే మాకు ఫోన్ చేయండి అని పేషెంట్‌కు చెబుతున్నాం. ధర కోసం జన ఔషధి కేంద్రానికి వెళ్లేవాళ్లకూ ఇదే మాట. అక్కడ దొరికే దాన్ని వద్దనడానికి నాకు కారణం లేదు, కొన్న డబ్బా ఒకసారి మా సిస్టర్‌కు చూపించి ఆమె ఎదుట పీల్చమంటాను.

విదేశాల నుంచి తెచ్చుకున్న మందు వాడే పెద్దవాళ్లు ఈ నగరంలో చాలామంది ఉన్నారు. వాళ్ల పాత డబ్బాను కొత్తదాని పక్కన పెట్టి అంకెలు చదివిస్తాం. భార్యాభర్తల్లో మందుల లెక్క చూసేవాళ్లు ఎవరో కనుక్కుని వాళ్లతోనూ మాట్లాడతాం. పేషెంట్ తలూపితే సరిపోదు, ఇంట్లో నిర్ణయం తీసుకునేది ఇంకొకరు కావచ్చు.

ఇవన్నీ చూశాక కూడా ఒక డబ్బాతో గుణం రాకపోతే, మందు మీద అనుమానం నిజం కావచ్చు. అప్పుడు బ్యాచ్ నంబరు రాసుకుని, ఆ డబ్బా దాచి, మందులపై ఫిర్యాదులు నమోదు చేసే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలియజేయాలి. పేషెంట్లు కూడా 1800-180-3024 కు ఫోన్ చేసి చెప్పవచ్చు. పంపు, పద్ధతి, లెక్క సరిచూడకుండా పంపే ఫిర్యాదుకు విలువ తక్కువ. సరిచూశాక కూడా పంపకుండా ఊరుకోవడం అంతకన్నా నష్టం.

టీచర్ గారు ఇప్పుడు ఇక్కడి స్ప్రేనే వాడుతున్నారు. అమెరికాదే బాగుండేదని ఇంకా అంటారు, మందు మాత్రం నాలుగు పఫ్‌లూ వేసుకుంటారు. ఉబ్బసం మూడు నెలలు నిలకడగా ఉంటే మోతాదు తగ్గించి చూడవచ్చు. వాళ్లాయన అది ఎప్పుడని అడుగుతూనే ఉన్నారు. దీపావళి పొగ, ఆ వెంటనే డిసెంబరు, జనవరి చలి ఉన్నాయి కాబట్టి ఫిబ్రవరి దాకా ఆగుదామని చెప్పాను. ఈలోగా ఫ్లూ టీకా వేయించాం.